తరుగు పోను మా ఆయన

మా ఆయన పెళ్ళిళ్ళకు వండే వంటమాస్టరు. డెబ్బైల మొదట్లో పుంగనూరు చుట్టుపక్కల పెళ్ళి ఎక్కడ జరిగినా, గాడిపొయ్యి పొగలో ముందు ఆయన పొట్ట కనిపించేది, కాసేపటికి ఆయన కనిపించేవాడు. తొంభై రెండు కిలోల మనిషి. నేను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచర్ని. నాకు వంట రాదు. రాదని చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. ఇంట్లో ఒకరికి వస్తే చాలు కదా.

ఆయన కడుపులో పుండు పడిందని తెలియడానికి మాకు రెండేళ్ళు పట్టింది. పెళ్ళివంట చేసేవాడు రుచి చూడకుండా వండలేడు. పరగడుపున పులుసు నాలుక మీద వేసుకోవడం, దాని మీద కారం, దాని మీద కాఫీ. అందరూ తిని లేచేసరికి ఆయన ఆకలి చచ్చిపోయి ఉండేది. నొప్పి వస్తే ఒక సోడా తాగి, వీధి చివరి దాకా వినపడేట్టు తేన్చి, తగ్గిపోయిందనేవాడు. ఒకరోజు మదనపల్లెలో ఒక పెళ్ళింట్లో లడ్డూలు చుడుతూ చుడుతూ నెత్తురు కక్కుకున్నాడు. పెళ్ళివాళ్ళు ముందు బూందీ తట్టను పక్కకు లాగి, తర్వాత ఆయన్ని పట్టుకున్నారు. ఆ సంగతి ఆయనే నాకు మెచ్చుకోలుగా చెప్పాడు. తను ఉన్నా అదే పని చేసి ఉండేవాడట.

సరిహద్దుకు అవతల, తమిళ దేశంలోని పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ ఆయన కడుపులో మూడు వంతులు కోసి తీసేసి, ఒక వంతు వదిలారు. ఆ రోజుల్లో పుండుకు అదే వైద్యం. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. డాక్టరు రోజుకు రెండు నిమిషాలు వచ్చి చూసి పోయేవాడు. స్ట్రెచరు తోసే మనిషి మాత్రం మా వార్డులోనే కాపురం ఉండేవాడు. ఇంటికి పంపే రోజు డాక్టరు ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఒకటి నా చేతికిచ్చాడు. రోజుకు పదహారు వందల కేలరీలు తినాలి, ఆరుసార్లుగా కొంచెం కొంచెం తినాలి, తీపి జోలికి పోకూడదు, నెలకోసారి బరువు చూసుకోవాలి, యాభై కిలోల కిందికి దిగితే వచ్చి కనిపించాలి. ఇంతే అందులో ఉన్నది.

వార్డు బయట స్ట్రెచరు మనిషి మా ఆయన చెవిలో ఇంకో మాట వేశాడు.

“యాభై దిగినావంటే మళ్ళా కోస్తారప్పా. ఈ తూరి కోస్తే కుట్లు గూడా నిలవవు. నేను సూసినా శానామందిని.”

డాక్టరు మాట రోజుకు రెండు నిమిషాలు, స్ట్రెచరు మనిషి మాట రోజంతా విన్న మా ఆయన, ఎవరిని నమ్మాలో అప్పుడే తేల్చేసుకున్నాడు. ఆపరేషను బల్ల మీద ఉండగానే, మత్తు పూర్తిగా దిగకముందే ఆయనకు మెలకువ వచ్చిందట. బస్సులో నా చెయ్యి పట్టుకుని, “టీచరమ్మా, ఇంకోతూరి నన్ను ఆ బల్ల ఎక్కించొద్దు. దానికన్నా నా పొయ్యిలోనే నన్ను పెట్టేయి,” అని ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నాకు భయం వేసింది. ఎక్కించనని మాటిచ్చాను. తర్వాత పదమూడేళ్ళు నేను చేసిన తిక్కపనులన్నిటికీ ఆ మాటే మూలం.

ఏడాది తిరిగేసరికి తొంభై రెండు కాస్తా యాభైల్లోకి వచ్చి నిలబడింది. మనిషి ఆరోగ్యంగానే ఉన్నాడు. నొప్పి లేదు, తేన్పు లేదు. వచ్చిన చిక్కల్లా వృత్తిలోనే. సన్నటి వంటమాస్టరును ఎవరు నమ్ముతారు? ఆయన వంట ఆయనకే ఒంటబట్టనప్పుడు మాకేం పడుతుందని మొహం మీదే అన్నవాళ్ళున్నారు. దాంతో ఆయన పెళ్ళి మాట్లాడుకోవడానికి పోయే ప్రతిసారీ మూడు తుండుగుడ్డలు పొట్టకు చుట్టుకుని, మీద బనియను, దాని మీద చొక్కా వేసుకుని పోయేవాడు. వేసవిలో ఆ తుండుగుడ్డలు పిండితే బొక్కెన నిండేది. ఒక పెళ్ళింటి ముసలామె ఆ పొట్టను వేలితో పొడిచి చూసి, మెత్తగానే ఉండాది అని తృప్తిపడి తాంబూలం ఇచ్చిందట.

ఇక కేలరీల భారం నా మీద పడింది, లెక్కల టీచర్ని కాబట్టి. కాగితం వెనకవైపు తిండి పట్టీ ఉంది. రొట్టె ఇన్ని ముక్కలు, ఉడికించిన గుడ్డు ఒకటి, ఇంకేవో మా ఊళ్ళో అమ్మని, నేను కళ్ళతో చూడని పదార్థాలు. రాగి సంగటి మాట మాత్రం ఎక్కడా లేదు. మా ఆయన సంగటి తప్ప ఇంకేదీ అన్నం కిందికి లెక్కేసే మనిషి కాదు. అందువల్ల సంగటి ముద్దలో ఎన్ని కేలరీలున్నాయో కనుక్కోవడానికి నేను మదనపల్లెలో ఒక కాలేజీలో హోంసైన్సు చెప్పే లెక్చరరమ్మకు ఉత్తరం రాశాను. ఆమె కార్డు మీద ఒకే వాక్యం జవాబు రాసింది. ముద్ద ఎంత ఉంటుంది?

ముద్ద ఎంత ఉంటుందని మా ప్రాంతంలో ఎవరినీ అడగకూడదు. మా ఊళ్ళో ముద్ద బత్తాయికాయంత. పెద్దమండ్యం వైపు పోతే చంటిబిడ్డ తలకాయంత. మా ఆయన సగం తినేవాడు, పావు తినేవాడు, ఒక్కోరోజు మూడు వేళ్ళకు వచ్చినంత తినేవాడు. చివరికి ఆయన చేత తన పాత కొలత ప్రకారం ఒక ముద్ద చేయించి, టిఫిన్ క్యారియర్లో పెట్టుకుని, బస్సెక్కి మదనపల్లె పోయాను. దారిలో కండక్టరు వాసన పట్టి, సంగటి ఉండాది గానీ పులుసు యాడ అని అడిగాడు. పులుసు లేదు, ఇది పరీక్షకు పోతోందని చెప్పాను. ఆ తర్వాత దిగేదాకా అతను నా పక్కకు రాలేదు.

కాలేజీ త్రాసు చిన్నది, ముద్ద మొత్తాన్ని మోయలేదు. లెక్చరరమ్మ చాకుతో ముద్దను మూడు ముక్కలుగా కోసి, ఒక్కొక్కదాన్నీ కాగితం మీద పెట్టి తూచి, ఏదో పుస్తకం చూసి, గుణించి, కేలరీలు చెప్పింది. నేను ఆ గుణకారం మళ్ళీ చేసి చూసి, ఒక తప్పు పట్టుకుని, దిద్ది ఇచ్చాను. ఆమె నాకు మళ్ళీ ఉత్తరం రాయలేదు. ఇంటికి వచ్చి వంటింటి గోడకు పట్టీ అంటించాను. పావు ముద్దకింత, గుప్పెడు వేయించిన చెనిక్కాయలకింత, గుడ్డుకింత, గ్లాసు మజ్జిగకింత. ఆయన వండాలి, నేను కూడాలి. మా సంసారంలో పని ఇంత సమంగా పంచుకున్నది ఎప్పుడూ లేదు.

ఆరుసార్లు తినాలన్న నియమానికి స్కూలు గంటను వాడుకున్నాం. మా ఇల్లు బడికి ఎదురుగానే. పీరియడు మారినప్పుడల్లా గంట కొడతారు, ఒక గంట విడిచి ఒక గంటకు ఆయన పావు ముద్ద తినాలి. ఏర్పాటు బాగానే సాగింది. పిల్లలు స్ట్రైకు చేసిన రోజు మాత్రం గంట మోగలేదు, ఆయన సాయంత్రం దాకా పస్తున్నాడు. ఆకలేయలేదా అంటే, “గంట కొట్టలేదు కదా,” అన్నాడు. మిగిలిన ఆ ఒక వంతు కడుపుకు ఆకలి సరిగా తెలిసేది కాదు. అదే దాని జబ్బు. పెళ్ళింట్లో వెయ్యి ఆకులకు వడ్డించేవాడు, తను తినాలంటే ఇంకెవరో గుర్తుచేయాలి. పాయసం ఒక గరిటె తిన్నా ఒళ్ళంతా చెమట పట్టి, గుండె దడదడలాడి, గోడకు ఆనుకుని కూర్చునేవాడు.

కేలరీ అన్న మాట మెల్లగా ఊళ్ళోకి పాకింది. పెద్దమండ్యం నుంచి వచ్చిన ఒక రైతు పెళ్ళి మాట్లాడుకుంటూ, ఆకుకు ఎన్ని కేలరీలు వడ్డిస్తావని మా ఆయన్ని నిలదీశాడు. పదహారు వందలకు తగ్గకుండా చూస్తానని మా ఆయన మాటిచ్చాడు. రైతు వేళ్ళు మడిచి లెక్కేసుకుని, “మగపెళ్ళోళ్ళకు రెండు వేలు వడ్డించు. మా వాళ్ళకు పదహారు వందలే సాలు,” అన్నాడు.

ఇప్పుడు బరువు సంగతి. మనిషిని తూచే యంత్రం అప్పుడు మా ఊళ్ళో నేనెరిగి ఎక్కడా లేదు. ఉన్నదల్లా చింతపండు మండీలో కాటా. ఇనప పలక మీద బస్తా పెడితే, వెనక నిలబడిన మనిషి కడ్డీ మీద గుండు జరిపి, బరువు ఎంతో గట్టిగా పాడినట్టు చెబుతాడు. మా మండీలో ఆ పని చేసే పెద్దాయన్ని అందరూ కాటా సాయిబు అనేవారు. ముప్పై ఏళ్ళుగా అదే కాటా వెనక అదే గళ్ళ లుంగీతో నిలబడి ఉన్న మనిషి. మా ఆయన చేతి బిరియానీ తిన్న రుణం ఉందని, ప్రతి నెలా మొదటి ఆదివారం బస్తాలు మొదలుకాకముందు మా ఆయన్ని పలక మీదికి ఎక్కనిచ్చేవాడు. పలక మీద నిలబడ్డ మనిషికి కడ్డీ కనపడదు. కదిలితే తూకం తప్పుతుంది.

“యాభై ఒకటీ,” అని సాయిబు రాగం తీసేవాడు. మా ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. యాభై అన్న శబ్దం చెవిన పడగానే ఊపిరి వదిలేవాడు. ఒక నెల యాభై రెండు, ఒక నెల యాభై ఒకటి, ఒకసారి యాభై. ఆ యాభై నెల నేను గోడ పట్టీలో చెనిక్కాయలు రెండు గుప్పెళ్ళు చేశాను. ఇలా ఆరేళ్ళు గడిచాయి. ఆ ఆరేళ్ళూ మేము అంచు మీద నడిచాం. పండగ రోజు కూడా కేలరీలు లెక్కపెట్టుకుంటూనే తిన్నాం.

తర్వాత కుప్పంలో ఒక పెళ్ళి ఒప్పుకున్నాడు. వేసవి సెలవులు కాబట్టి నేనూ పోయాను. పెళ్ళివాళ్ళ చుట్టాలు రైలెక్కుతుంటే సాగనంపడానికి స్టేషను దాకా వెళ్ళాం. అక్కడ ప్లాట్‌ఫారం మీద ఎర్ర బల్బులు వెలిగే తూకం యంత్రం ఉంది. నాణెం వేస్తే కార్డు పడుతుంది, ఒకవైపు బరువు, ఇంకోవైపు జాతకం. మా ఆయన ఎక్కాడు. కార్డు మీద యాభై నాలుగు అని ఉంది. ముందటి ఆదివారమే మండీలో యాభై ఒకటి.

“తుండుగుడ్డలు,” అన్నాను. పెళ్ళింటి నుంచి సరాసరి వచ్చాడు, పొట్ట కట్టుకునే ఉన్నాడు. వెయిటింగు రూములోకి పోయి విప్పి వచ్చి మళ్ళీ ఎక్కాడు. చెమటతో తడిసిన గుడ్డలు కాబట్టి ఒక కిలో తగ్గింది. యాభై మూడు. ఇంకా రెండు కిలోలు మిగిలిపోయాయి. కార్డు వెనక్కి తిప్పి ఇంగ్లీషులో ఉన్న జాతకం ఆయనకు చదివి చెప్పాను. దగ్గరివాళ్ళను అతిగా నమ్మవద్దని ఉంది. ఆయన అనుమానంగా నా వైపే చూశాడు.

పుంగనూరు చేరాక నేను మా పరువు మీదికి వచ్చినా సరేనని మండీకి ఇరవై అయిదు కిలోల బియ్యం సంచి పట్టించుకుపోయాను. అంగట్లో నా కళ్ళ ముందు తూచి, కుట్టి ఇచ్చిన సంచి. సాయిబు గుండు జరిపి, “ఇరవై మూడూ,” అని పాడాడు.

“అన్నా, ఇది ఇరవై అయిదు,” అన్నాను.

“ఇరవై అయిదేనమ్మా. తరుగు రెండు పోతాది కదా.”

అప్పుడు తెలిసింది. మండీలో ఏ బస్తా తూచినా గోనెసంచి బరువు, చెమ్మ, చింతగింజ అన్నిటికీ కలిపి రెండు కిలోలు తరుగు కింద తీసేసే నోటితో చెబుతారు. ముప్పై ఏళ్ళుగా తీసీ తీసీ సాయిబు నోరు వేరే అంకె పలకలేని స్థితికి వచ్చింది. ఆరేళ్ళుగా మా ఆయనకు కూడా తరుగు తీస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషికి గోనెసంచి ఎక్కడిది, చింతగింజ ఎక్కడిది అని అడిగాను.

సాయిబు నొచ్చుకున్నాడు. “పంచె లేదా, సొక్కా లేదా? పొద్దున తాగిన కాఫీ చెమ్మ కాదా? బస్తా యాడ, మనిషి యాడ అని నా నోరు సూసుకోదు తల్లీ. అయినా ఆ డాక్టరు మూడొంతులు తరుగు తీసినాడు, ఆయప్పను ఒక మాట అడిగినారా మీరు? నేను రెండు కిలోలు తీస్తే వచ్చినారు.”

నేను బియ్యం సంచి ఎత్తించుకుని ఇంటికి వచ్చాను.

మా ఆయన ఆనందానికి అంతు లేదు. ఆరేళ్ళూ అంచు మీద ఉన్నాననుకున్నవాడు, అంచుకు రెండు కిలోల ఇవతల ఉన్నాడు. ఆ రెండు కిలోలనూ ఆయన సెలవులాగా వాడుకున్నాడు. గంట మోగితే, మోగనీలే అన్నాడు. చెనిక్కాయలు పక్కకు నెట్టాడు. గుడ్డు పిల్లికి పోయింది. తరుగు లేకుండా నికరంగా చెప్పమని సాయిబుకు గట్టిగా చెప్పి వచ్చాడు. సాయిబు పాపం కష్టపడి నోరు తిప్పుకుని నికరంగానే చెప్పాడు. మొదటి నెల యాభై మూడు. రెండో నెల యాభై రెండు. నాలుగో నెల యాభైన్నర. భయం ఉన్నప్పుడు తిన్న తిండి భయంతోనే పోయింది. ఇంకో నెల ఇలాగే ఉంటే ఆయన యాభై దిగుతాడు, ఆ మాట వింటే బెదిరి ఉన్న నాలుగు ముద్దలూ మానేస్తాడు. నాకు లెక్క అంతవరకూ స్పష్టంగా కనపడింది.

అందుకని ఒక శనివారం బడి వదలగానే ఒక్కదాన్నే మండీకి పోయాను. “అన్నా, తరుగు మళ్ళీ మొదలుపెట్టు,” అన్నాను.

“ఎంత తియ్యాల?”

“కడ్డీ మీద ఎంతున్నా సరే. నువ్వు మాత్రం యాభై అను. మహా అయితే యాభై ఒకటి. అంతకు మించొద్దు, తగ్గొద్దు.”

సాయిబు గడ్డం గోక్కున్నాడు. “తప్పుడు తూకం కదమ్మా అది.”

“ఆరేళ్ళు ఏం చేశావు మరి?”

“అది తరుగు,” అన్నాడు సాయిబు హుందాగా. అయినా ఒప్పుకున్నాడు. మా ఆయనకు సాయిబు ఏం చెప్పాడంటే, నోరు పాతదారికి పోకుండా గట్టిగా పట్టుకున్నాను గానీ బరువే ఇంత ఉందని.

ఆ తర్వాత ఏడేళ్ళు మా ఆయన బరువు యాభై. ఎండాకాలం యాభై, వానాకాలం యాభై, రంజాను నెలలో యాభై ఒకటి. ప్రపంచంలో ఇంత నిలకడగా ఉన్న మనిషి ఇంకొకరు ఉండరు. అసలు బరువు నాకు సాయిబు సైగతో చెప్పేవాడు, యాభై మీద ఎన్నుంటే అన్ని వేళ్ళు. మూడు వేళ్ళు, నాలుగు వేళ్ళు. మా ఆయన అంచు మీద ఉన్నాననుకుని మళ్ళీ గంటకు పావు ముద్ద తినడం మొదలుపెట్టాడు. నేను సాయిబు నోటిని నమ్మక, ప్రతి నెలా తూకానికి ముందు శనివారం స్పెషల్ క్లాసు ఉందని చెప్పి మండీకి పోయి గుర్తుచేసి వచ్చేదాన్ని. ఇంటికి మండీ మైలున్నర. ఏడేళ్ళలో స్కూల్లో స్పెషల్ క్లాసు ఒక్కటి కూడా జరగలేదు.

ఎనభైల నడుమ ఆయన ఉన్నట్టుండి వాడిపోయాడు. తిండి లెక్క ప్రకారమే తింటున్నాడు, గోడ మీద పట్టీ తప్పలేదు. అయినా మొహం పాలిపోయింది, కాళ్ళు తిమ్మిర్లు, గరిటె పట్టుకున్న చెయ్యి వణికేది. సాయిబు చూపించే వేళ్ళు నాలుగు నుంచి రెండయ్యాయి, రెండు నుంచి ఒకటి. ఒక నెల వేళ్ళేమీ చూపించలేదు, పిడికిలి మూసి చూపించాడు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. ఆసుపత్రికి పోదామని అడగడానికి నోరు రాలేదు. ఎక్కించనని మాటిచ్చింది నేనే. ఇంకొక నెల చూద్దామనుకున్నాను. ఆ ఒక నెల నేను చేసిన తప్పు. ఇప్పటికీ దాన్ని నేను మాఫీ చేసుకోలేదు.

తర్వాతి ఆదివారం మండీకి ఆయన నడవలేకపోయాడు, జట్కాలో పోయాం. పలక మీద నిలబడి ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు. సాయిబు గుండు జరిపాడు. ఇంకా ఇటు జరిపాడు. నేను వెనక్కి పోయి చూశాను. గుండు నలభై అయిదు దగ్గర ఆగింది. సాయిబు నా వైపు చూశాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నిండాయి. యాభై అంటే సరిపోయేది. ఏడేళ్ళుగా అన్న మాటే. కానీ ముప్పై ఏడేళ్ళు ప్రతి బస్తాలోనూ తీసేసిన మనిషికి, ఆ రోజు ఒక మనిషికి కాస్త ఎక్కువ పోయాలనిపించినట్టుంది.

“యాభై నాలుగూ,” అని పాడాడు, గొంతు పగిలేట్టు.

మా ఆయన కళ్ళు తెరిచాడు. మెల్లగా పలక దిగి, కాటాను పట్టుకుని నిలబడ్డాడు.

“యాభై అనుంటే ఊరుకునేటోణ్ణి గదా సాయిబూ,” అన్నాడు. “జన్మలో ఎవురికీ కిలో ఎక్కువ సెప్పినోడివి కాదు. ఈ పొద్దు నాకు నాలుగు పోసినావంటే, నేను శానా దిగిపోయినట్టే.” తర్వాత నా వైపు తిరిగాడు. “పద టీచరమ్మా. ఆస్పత్రికి పోదాం. బల్లెక్కిస్తే ఎక్కుతాను.”

సాయిబు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. జట్కా కదిలాక వెనక్కి చూస్తే, బస్తాలు వరసలో ఎదురుచూస్తున్నా తూకం మొదలుపెట్టలేదు. ఎన్నాళ్ళ నుంచి తెలుసని అడగాలని ఉంది, అడిగే మొహం నాకు లేదు.

ఆసుపత్రిలో పాత డాక్టరు లేడు. నర్సు ఆయన్ని తూకం మీద నిలబెట్టి, నలభై అయిదు అని రాసుకుంది.

“తరుగు పోనా, తరుగుతోనా?” అని అడిగాడు మా ఆయన. ఆ తమిళ పిల్లకు అర్థంకాక నా మొహం చూసింది. నేను గోడ మొహం చూశాను.

కొత్త డాక్టరు చిన్నవాడు. కళ్ళు చూసి, నాలుక చూసి, నెత్తురు తీయించి, మర్నాడు చెప్పాడు. కడుపు తక్కువగా ఉన్నవాళ్ళకు ఏళ్ళు గడిచాక ఒక విటమిను ఒంటికి పట్టదట. నెత్తురు పలచబడిపోయిందట. మొదట వరసగా, తర్వాత నెలకొక ఇంజెక్షన్ వేసుకోవాలి, ఇనుము మాత్రలు మింగాలి. కోత మాటేమిటని మా ఆయన అడిగాడు. ఏ కోత అన్నాడు డాక్టరు. యాభై దిగితే మళ్ళీ కోస్తారట కదా అంటే, ఎవరు చెప్పారని అడిగాడు. స్ట్రెచరు మనిషి పేరెత్తకుండా, ఇంజెక్షన్ ఎప్పుడు వేస్తారని అడిగాను. పదమూడేళ్ళు ఆ మనిషి మాట మీద ముద్దలు తూచుకుంటూ బతికాం. ఇంజెక్షన్ వేస్తే మా ఆయన సగం ఏడుస్తూ సగం నవ్వుతూ పిర్ర రుద్దుకున్నాడు. పక్క మంచాల వాళ్ళు నొప్పి అనుకున్నారు.

పది రోజుల తర్వాత తిరుగు బస్సులో ఆయన మొహంలోకి కొంచెం రంగు వచ్చింది. ఒళ్ళో టిఫిన్ క్యారియరు పెట్టుకుని, ఆసుపత్రి సంగటి ఎంత అన్యాయంగా ఉందో చెప్పుకుంటూ వచ్చాడు. నేను ధైర్యం చేసి, యాభై కాదని ఎప్పటినుంచి తెలుసని అడిగాను.

“మొదటి నెల నుంచే,” అన్నాడు. “కాటా మీద నిలబడినోడికి గుండు జరిగే సద్దు వినపడదా? ఒక నెల ఎక్కువ జరుగుతాది, ఒక నెల తక్కువ జరుగుతాది. సాయిబు మాత్తరం యాభై అంటాడు. వంటోణ్ణి, నాకు తూకం తెలీదా.”

“తెలిసీ ఎందుకు తిన్నారు మరి?” అన్నాను. “అంచుకు దూరంగానే ఉన్నామని తెలుసు కదా.”

ఆయన టిఫిన్ క్యారియరు మూత తీసి, చూసి, మళ్ళీ పెట్టాడు.

“స్పెషల్ క్లాసు నుంచి వచ్చినప్పుడల్లా నీ సెప్పులకు సింతపండు అంటుకోనుండేది,” అన్నాడు. “ఎండలో మైలున్నర పోయి, మైలున్నర వస్తాండావు. మెట్టు కాడ కూసోని పుల్లతో గీక్కుంటాండావు. అది సూసినాక పావు ముద్ద తినకుండా ఎట్లుంటాను?”

నేను కిటికీ వైపు తిరిగాను. పలమనేరు వచ్చేదాకా ఇటు తిరగలేదు. అక్కడ బస్సు ఆగితే ఆయనే దిగి, వేయించిన చెనిక్కాయలు ఒక పొట్లం కొనుక్కొచ్చి, సగం నా ఒళ్ళో పోశాడు.